ఐస్‌క్రీముల పక్కన పప్పు గిన్నెలు

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఉన్న కూల్‌డ్రింక్ షాపుల్లో డీప్ ఫ్రీజరు ఉన్నది నా ఒక్కడికే. తొంభై ఏడు నాటి సంగతి ఇది. ఇప్పుడు ఇంటింటికీ ఫ్రిజ్జు వచ్చేసి, మా పెట్టె గొప్పతనం చెబితే వినేవాడు లేడు. అప్పట్లో దాని మూత ఎత్తి తెల్లటి పొగ లేస్తుంటే, బస్సు ఎక్కబోయేవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగి చూసేవాళ్లు. ఆ పెట్టె అంటే నాకు మహా గర్వం. పొగరు అన్నా నేను కాదనను.

అలాంటి పెట్టెలో పప్పు పెట్టుకుంటానని ఒక అమ్మాయి వచ్చింది.

శనివారం సాయంత్రం. సన్నగా వాన. చేతిలో వైరు బుట్ట, బుట్టలో మూతలు బిగించిన స్టీలు గిన్నెలు, పైన ఐసుగడ్డలు చేసుకునే ట్రేలు రెండు. జడ చివర నుంచి నీళ్లు కారుతున్నాయి, బుట్ట మీద మాత్రం చీర కొంగు కప్పి ఉంచింది. తను తడిసినా గిన్నెలు తడవకూడదని కాబోలు.

"మీ ఫ్రీజర్లో ఒక మూల ఖాళీ ఉంటాదా?" అని అడిగింది.

ఏం పెట్టాలని అడిగాను. పప్పు అంది. కారెట్టు వేసి మెత్తగా మెదిపిన పప్పు, గుమ్మడికాయ కూర, పెసరపప్పు పొంగలి, కాస్త కోడి సూపు. నేను నవ్వాను. నవ్వకుండా ఎవరుంటారు?

"ఇది ఐస్‌క్రీం పెట్టె టీచరమ్మా. వంటిల్లు కాదు." చేతికి సుద్దముక్క మరకలు ఉన్నాయి, అందుకే టీచరమ్మ అన్నాను.

"తెలుసు. వంటిల్లయితే అడగను గదా."

ఐస్‌క్రీములకు పోపు వాసన పడుతుందని వాదించాను. పోపు పెట్టలేదంది. మూతలు ఊడతాయన్నాను. గుడ్డతో కట్టి చూపించింది. చద్దికూడు పిల్లలకెలా పెడతారని చివరి బాణం వేశాను. ఆమె ముఖంలో నవ్వు పోయింది. వండిన గంటలోనే గడ్డకడితే చద్ది కాదని, నెల్లూరులో ట్రైనింగ్ చదివేటప్పుడు తను ఉన్న ఇంటి డాక్టరమ్మ వారానికొకసారి వండి ఇలాగే పిల్లలకు పెట్టేదని, గిన్నెను వేడినీళ్లలో కూర్చోబెడితే అప్పుడు వండినట్టే ఉంటుందని చెప్పింది. బడిపిల్లలకు చెప్పినట్టు, ఓపిగ్గా, ఒక్కో మాటే చెప్పింది. నాకు అంతా అర్థమయింది. ఆ మాటల కన్నా ఆ కళ్లు బాగా అర్థమయ్యాయి.

నేను మూత ఎత్తాను.

ఆమె పేరు కరుణశ్రీ అని తర్వాత తెలిసింది. ఉదయగిరి దాటి, కొండ కింద ఒక పల్లె బడిలో టీచరు. ఉదయగిరిలో, తననూ అక్కనూ పెంచిన అవ్వ రాహేలమ్మ దగ్గర ఉండి రోజూ ఆ బడికి పోయివచ్చేది. శనివారం ఒంటిపూట బడి వదలగానే బస్సెక్కి ఆత్మకూరు వచ్చి, సోమవారం తొలి బస్సుకు వెళ్లిపోయేది. ఇక్కడ ఆమె అక్క పిల్లలున్నారు. అక్క పోయి ఏడాది దాటింది. పెద్దవాడు హెన్రీకి నాలుగేళ్లు, చిన్నది జెస్సీకి ఇంకా రెండు నిండలేదు. వాళ్ల నాయన ప్రేమానందం బస్సు కండక్టరు. అన్నం ఒక్కటి వార్చుకోవడం వచ్చు, కూర చేస్తే కుక్కలు కూడా ఆలోచించేవి. పక్కింటి శీనమ్మ పగలు పిల్లల్ని చూసుకునేది కానీ, కళ్లు సరిగా కనపడక పొయ్యి జోలికి పోయేది కాదు. అందుకే కరుణ వారానికి సరిపడా వండేది. వాళ్లు బాప్టిస్టులు, అందులోనూ పాత పద్ధతివాళ్లు. ఆదివారం ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, గుడికి పోవడమే. కాబట్టి వంటంతా శనివారం ఒక్క పూటలో అయిపోవాలి. మాదీ బాప్టిస్టు కుటుంబమే, కొండాపురంలో. మా అమ్మ మాత్రం ఆదివారం కోడిని కొయ్యకుండా ఎప్పుడూ వదిలిపెట్టలేదు.

మొదటి వారంలోనే పెద్ద ఘనకార్యం చేశాను. అనుమసముద్రంపేట దర్గాకు పోయే జనంతో బస్టాండు కిక్కిరిసింది. ఉన్న ఐస్‌లన్నీ అయిపోయాయి. ఒకాయన తన బిడ్డ ఏడుస్తోంది ఏదో ఒకటి ఇవ్వమని తొందర పెడుతుంటే, మూలన చెయ్యి పెట్టి ట్రే తీశాను. నారింజ రంగులో నిగనిగలాడుతున్న గడ్డలు. ఆరెంజి ఐసు చేసి మర్చిపోయాననుకుని ఇచ్చేశాను. ఆ బిడ్డ చప్పరించి, ఏడుపు మాని, ఇంకోటి కావాలంది. వాళ్ల బస్సు కదిలాక గానీ అది కారెట్టు పప్పని నాకు గుర్తు రాలేదు.

శనివారం కరుణ వచ్చినప్పుడు చెప్పక తప్పలేదు. చీవాట్లకు సిద్ధపడి నిలబడ్డాను.

ఆమె ఖాళీ ట్రే అందుకుని చూసి, "ఉప్పు సరిపోయిందన్నారా?" అని అడిగింది.

అంతే, ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం. సోడా కోసం వచ్చినవాడు మమ్మల్ని చూసి, అడగకుండానే తిరిగి వెళ్లిపోయాడు. నవ్వుతున్నప్పుడు ఆమె చేత్తో నోరు మూసుకునేది. ఆ చెయ్యి తీస్తే బాగుండునని నాకు చాలా రోజులు ఉండింది.

అలా నాకు వారంలో ఉన్న ఒకే రోజు శనివారమైంది. మిగిలినవి ఊరికే బస్సులు వచ్చిపోయే రోజులు. మొదట్లో ప్రేమానందం పొద్దున్నే డ్యూటీకి పోకముందు వచ్చి గిన్నె ఇంటికి తీసుకెళ్లేవాడు. తర్వాత నేనే వెనక గదిలో కిరసనాయిలు స్టవ్వు మీద నీళ్లు కాచి, గిన్నె వేడి చేసి, వాళ్లింటికి ఇచ్చి రావడం అలవాటైంది. పిల్లలు నన్ను ఐసంకుల్ అనేవాళ్లు. జెస్సీ అయితే నా ఒళ్లో కూర్చుంటేనే నోరు తెరిచేది. ఆ పప్పు గడ్డ వేడికి మెల్లగా కరుగుతుంటే వచ్చే వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. శనివారం కరుణ వచ్చి ఏ రోజు ఏది తిన్నారో, ఏది ఉమ్మేశారో అడిగేది. నేను చెప్పేవాణ్ని. ఇద్దరం మాట్లాడుకున్నది పిల్లల తిండి గురించే. అయినా ఆ మాటలకు నేను ముందు రోజే తల దువ్వుకునేవాణ్ని. బస్టాండులో ముసలీ ముతకా అందరూ నన్ను సాగరన్నా అని పిలిచేవాళ్లు. ఆమె ఒక్కసారి కూడా అన్నా అనలేదు. అది నేను కనిపెట్టాను, కనిపెట్టి సంతోషించాను.

అక్టోబరులో ఒకరోజు ప్రేమానందం టీ తాగుతూ ఆ సంతోషం మీద నీళ్లు పోశాడు.

"రాహేలమ్మవ్వ పట్టుబట్టి ఉండాది సాగరూ. కరుణను నేను చేసుకోవాలంట. పిల్లకాయలకి వండి పెట్టే దిక్కు లేదు గదా అంటాది."

తుడుస్తున్న సీసా పక్కన పెట్టాను. నీకు ఇష్టమేనా అని అడిగాను. ఆ పిల్ల నాకు చెల్లెలు లాంటిదిరా అన్నాడు. ఆ మాట అవ్వతో చెప్పమన్నాను. బస్సులో వందమందిని అరిచి లోపలికి నెట్టే మనిషి, అవ్వ పేరు ఎత్తగానే తల దించుకున్నాడు. భార్యను పోగొట్టుకున్నవాడు ఆ భార్యను పెంచిన మనిషి ఎదుట ఏమని నోరు తెరుస్తాడు?

ఆ శనివారం కరుణను నేనే అడిగాను. ట్రేలు సర్దుతున్న చేతులు ఆగలేదు.

"మా అక్క పిల్లల ఆకలికి నాకు పెళ్లి చేస్తారంట. ఆకలికి పప్పు చాలు గదా, పెళ్లెందుకు? అందుకే మీ దగ్గరికొచ్చినాను. క్రిస్మసు దాకా గడువిచ్చింది మా అవ్వ. అప్పటిదాకా పిల్లకాయలు ఒక్కపూట కూడా పస్తు లేకుండా గడిస్తే ఆ మాట ఇంక ఎత్తదంట. పస్తుంటే ఉద్యోగం మానేసి, నేనిక్కడికి కాపరానికి రావాలంట."

ఏడవకుండా చెప్పింది. మూత వేసి, కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. ఆ పెట్టెలో ఆమె పెట్టింది పప్పు కాదు, తన బతుకని అప్పుడు తెలిసింది నాకు. ఆ రోజు నుంచి కరెంటు పోతే నా గుండె కూడా ఆగేది.

నవంబరులో పోనే పోయింది. తుపాను వాన ఎడతెరిపి లేకుండా పట్టింది. స్తంభాలు పడిపోయాయి, బొగ్గేరు వాగు పొంగి ఉదయగిరి రోడ్డు మునిగింది. ప్రేమానందం బస్సుతో సహా అవతల ఉదయగిరిలో చిక్కుకుపోయాడు. కరుణా అక్కడే. పిల్లలు ఇక్కడ శీనమ్మ దగ్గర.

గోనెసంచులు కప్పాను, ఉప్పు చల్లాను, ఎవరేం చెబితే అది చేశాను. ముందు ఐస్‌క్రీములు నీళ్లయ్యాయి. వాటిని బయట కాలవలో పోసేటప్పుడు నాకేమీ అనిపించలేదు. తర్వాత పప్పు గిన్నె మూత తీస్తే పుల్లటి వాసన వచ్చింది. అక్కడే ఫ్రీజరుకు ఆనుకుని కూర్చుని ఏడ్చాను. ఇరవై ఆరేళ్ల మగవాణ్ని, పులిసిన పప్పు కోసం.

శీనమ్మకు చెబుదామా అనుకున్నాను. రాహేలమ్మకు ఆమె బాగా తెలిసిన మనిషి. రోడ్డు తెరిచిన మొదటి బస్సుకే కబురు ఉదయగిరి చేరుతుంది. అందుకని గిన్నెలు తోమాను. స్టవ్వు వెలిగించాను. నాకు వచ్చిన వంటలు చారు, వంకాయ పులుసు. అయినా ఇన్నాళ్లూ ఆ గిన్నెల్లో ఏముందో చూస్తూనే ఉన్నాను కదా అని పెసరపప్పు ఉడికించాను, గుమ్మడికాయ ముక్కలు వేశాను, కారం జోలికి పోకుండా గరిటెతో మెదిపాను. మొదటిసారి మాడింది. రెండోసారి పలచనైంది. మూడోసారి వచ్చినదాన్ని కరుణ గిన్నెలోనే పోసి, మూత బిగించి, వానలో గొడుగు గిన్నెకు పట్టి పట్టుకెళ్లాను. కరుణ పెట్టిందేనని శీనమ్మకు చెప్పాను. జెస్సీ తిన్నది. హెన్రీ అనుమానంగా చూసి, తినేసి, ఇంకొంచెం పెట్టమన్నాడు. వాన తగ్గేదాకా ప్రతి పూటా అదే పని. షాపు తలుపు తీసిన పాపాన పోలేదు.

రోడ్డు తెరిచిన రోజు మధ్యాహ్నం, నేను జెస్సీని ఒళ్లో పెట్టుకుని తినిపిస్తుండగా గుమ్మంలో ముగ్గురు నిలబడ్డారు. ముందు రాహేలమ్మ, చంకలో గొడుగు, బైబిలు సంచి. వెనక కరుణ. ఆ వెనక యూనిఫారంలో ప్రేమానందం. కరుణ కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. ఆమె పరుగున వచ్చి హెన్రీని ఎత్తుకుని, పొట్ట తడిమి చూసింది.

రాహేలమ్మ మాత్రం గిన్నెనే చూసింది. "కరెంటు లేదంట గదా ఊళ్లో. ఈ పప్పు యాడిది?"

"పోయిన శనివారం కరుణగారు చేసి పెట్టిందే అవ్వా. మా ఫ్రీజర్లో చెడిపోలేదు," అన్నాను.

అబద్ధం నిలబడితే కరుణ గెలిచినట్టే. అవ్వ ఆమె వైపు తిరిగి, "నిజమేనా?" అని అడిగింది.

కరుణ వచ్చి నా ముందు కూర్చుంది. గిన్నెలో వేలు పెట్టి నాలుకకు రాసుకుంది. నేను కళ్లతోనే బతిమాలాను, అవునను తల్లీ అని. ఆమె నా ముఖంలోకి చూసింది. కళ్ల నిండా నీళ్లొచ్చాయి.

"ఇది నా వంట కాదవ్వా. గుమ్మడికాయ తొక్క కూడా తియ్యలేదు. నేను చేసిందంతా చెడిపోయి ఉంటాది. ఈయనే వండి పెట్టినాడు."

నా ప్రాణం ఉసూరుమంది. ఇన్ని గిన్నెలు తోమి, ఇంత మాడ్చి, చివరికి తొక్క దగ్గర దొరికిపోయాను.

"అయితే నేను చెప్పిందే జరిగింది," అంది రాహేలమ్మ. అరవలేదు, మామూలుగానే అంది. "నీ డబ్బాలు నాలుగు రోజుల వానకి తట్టుకోలేదు. పరాయోడు దయ చూపించబట్టి బిడ్డలు తిన్నారు. ఇంక మాటలొద్దు."

అప్పుడు ప్రేమానందం నోరు తెరిచాడు. భుజాన ఉన్న టికెట్ల సంచి తీసి కింద పెట్టి మరీ తెరిచాడు.

"అవ్వా, నన్ను కొట్టినా సరే. కరుణను నేను చేసుకోను. ఆ పిల్ల నాకు తోడబుట్టినదాంతో సమానం. నా పెళ్ళాన్ని నేనింకా మర్చిపోలేదు. ఆమె చెల్లెల్ని తెచ్చి ఆ చోట్లో ఎట్టా కూర్చోబెడతాను?"

జెస్సీ ఇదేమీ పట్టకుండా నోరు తెరిచి నా చేతి వైపు చూస్తోంది.

రాహేలమ్మ గోడకు ఆనుకుని కిందకు జారి కూర్చుంది. అప్పటిదాకా నాకు గయ్యాళిలా కనిపించిన మనిషి ఒక్కసారిగా ముసలిదైపోయింది.

"మరి రేపు ఇంకోదాన్ని తెస్తావు. అది నా బిడ్డ బిడ్డల్ని గరిటెతో కొట్టి అన్నం పెడితే నేనేం చెయ్యాల? ఇంకెన్నేళ్లుంటాను నేను? ఎవరున్నారు వీళ్లకి?"

నా నోరు ఊరుకోలేదు.

"నేనుండాను గదవ్వా."

"నువ్వెవరబ్బయా?" అంది ఆమె. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

ఎవరినని చెప్పాలి? చుట్టం కాదు, పక్కింటివాణ్ని కాదు. కరుణ తల వంచుకుని ఉంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలుస్తూనే ఉంది.

"ఎవర్నీ కాదు. ఈమె శనివారం వస్తాదని వారమంతా ఎదురుచూసేవాణ్ని. పిల్లకాయలంటే ఇష్టం. ఈమె అంటే ఇంకా ఇష్టం. అంతే అవ్వా, ఇంకేం లేదు."

రాహేలమ్మ లేచి, చేతులు కడుక్కుని, నా ఒళ్లోంచి జెస్సీని తీసుకుని మిగిలిన పప్పు తనే తినిపించింది. తొక్కలు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టింది. గిన్నె ఖాళీ అయ్యాక, ప్రేమానందం వైపు చూడకుండానే, ఉదయగిరిలో తన సామాను వచ్చే వారం బస్సులో వేసుకు రమ్మంది. అరవై ఏళ్లు కూర్చున్న గుడి బల్లను, భర్త సమాధిని వదిలి రానని ఇన్నాళ్లూ భీష్మించుకున్న మనిషి. బిడ్డలకు అన్నం పెట్టే చెయ్యి కోసం ఊరంతా వెతికినాను, నా చెయ్యి నాకే కనపళ్లేదు అని గొణుక్కుంది. నా గురించి మంచీ చెడూ ఒక్క మాట అనలేదు. ఇంక నేనక్కడ ఎందుకని చెప్పులు వేసుకుని వచ్చేశాను. కరుణ గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

కరెంటు వచ్చింది. ఫ్రీజరులో మళ్లీ ఐస్‌క్రీములు నింపాను. మూలన చోటు మాత్రం ఖాళీగానే ఉంచాను, అక్కడ ఏమీ పెట్టబుద్ధి కాలేదు. అవ్వ సామానుతో దిగిందని ప్రేమానందం చెప్పాడు. పొద్దునా సాయంత్రం వేడివేడిగా వండుతోందట, పిల్లలు ఒళ్లు చేస్తున్నారట. మంచిదే అన్నాను. కరుణ గెలిచింది, అంతకన్నా ఏం కావాలి? ఇంక ఆమెకు నా షాపుతో పనిలేదు. శనివారం బస్సు దిగి, నా ముందు నుంచే తిన్నగా ఇంటికి పోతుంది. పోయేటప్పుడు చూస్తే చాలనుకున్నాను. చూడకపోయినా ఏం చెయ్యగలను?

శనివారం వచ్చింది. ఉదయగిరి బస్సు వచ్చింది. నేను సోడా సీసాలు తుడుస్తూ తల ఎత్తలేదు. ఎత్తితే ఆమె వీపు కనపడుతుందేమోనని భయం.

"ఫ్రీజరు ఖాళీనా?" అని వినపడింది.

తల ఎత్తాను. బుట్ట లేదు. గిన్నెలు లేవు. రెండు చేతులూ ఖాళీ. చినుకుల్లో తడుస్తూ నిలబడి ఉంది.

ఏం పెట్టాలని అడిగాను, పాత అలవాటు కొద్దీ.

"ఏమీ లేదు. అవ్వ వండుతా ఉండాది గదా. ఇంక మీ ఫ్రీజరుతో నాకేం పని?" అని ఆగింది. "ఈ వారమంతా బడిలో ఒక్క పాఠం తిన్నగా చెప్పలేదు నేను. ఏ పనీ లేకపోయినా ఈడికి రావచ్చా అని ఆలోచిస్తా ఉండాను. ఆరోజు మీరు మా అవ్వతో చెప్పినారే, నాతో చెప్పలేదు."

ఎవరో వచ్చి రెండు గోలీసోడాలు కావాలన్నారు. లేవన్నాను. కళ్లెదుట వరసగా సీసాలు పెట్టుకుని లేవంటావేమని ఆయన గొణుక్కుంటూ పోయాడు.

"కొండాపురం నుంచి మీ నాయనను ఒకసారి రమ్మని మా అవ్వ చెప్పమనింది," అంది కరుణ. "అవ్వ మాట అది. నా మాట వేరే ఉండాది. ముందు మీరు చెప్తే నేను చెప్తాను."

షాపు తలుపు సగం దించాను. ఆమె లోపలికొచ్చి, చల్లటి ఫ్రీజరుకు ఆనుకుని నిలబడింది. వారమంతా మనసులో వల్లె వేసుకున్నవన్నీ మర్చిపోయి, అవ్వతో అన్న మాటే మళ్లీ అన్నాను. ఆమె నవ్వింది, ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. తర్వాత తన మాట కూడా చెప్పింది.